సుషీ అంటే పచ్చి చేప కాదు, పుల్లటి అన్నం!

టోక్యోలో ఏ స్టేషన్‌లో దిగితే తెలుగు వినిపిస్తుందని ఇక్కడున్న మనవాళ్లని అడగండి. ఎక్కువ మంది నిషి కసాయ్ అనే చెప్తారు. ఆఫీసులు, బ్యాంకులు ఉండే ఒతేమాచిలో తోజాయ్ లైన్ రైలెక్కితే పావుగంట దూరం. అప్పటిదాకా భూమి లోపల పరిగెత్తిన రైలు పైకొచ్చి, వెడల్పాటి అరకావా నదిని దాటుతుంది. దాటగానే మా స్టేషన్. బయటికొస్తే కందిపప్పు, కరివేపాకు, సోనా మసూరి అమ్మే కొట్లు కనిపిస్తాయి. 2000 సంవత్సరం దగ్గర్లో వై2కే పనుల కోసం జపాన్‌కి వచ్చిన మన ఇంజనీర్లలో చాలామంది ఈ పేటలో దిగారు. ఆఫీసుకి దగ్గర, పైగా పూచీకత్తు అడగని అపార్ట్‌మెంట్లు దొరికేవి. వాళ్ల వెనకే మిగతావాళ్లం వచ్చాం.

నాది కాకినాడ. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్లు పనిచేసి ఇక్కడికొచ్చా. ఒక్కడినే ఉంటా. వంటగది అంటే ఒక స్టవ్వు, ఒక సింకు, ఆ రెండింటి మధ్య కూరలు తరుక్కోవడానికి జానెడు చోటు. ఆ జానెడు చోటులో, రైస్ కుక్కర్ పని అది చేసుకుంటూ ఉంటే, మనం చేయాల్సింది పది నిమిషాలు మాత్రమే ఉండే ఒక గిన్నె అన్నం గురించి ఈ కబుర్లన్నీ. పుల్లటి అన్నం, దాని మీద డబ్బా చేప. సుషీకి చుట్టం అనుకోండి.

అటు నది, ఇటు నది

ముందు ఈ ఊరి సంగతి తెలియాలి. నిషి కసాయ్ ఉన్నది ఎదోగావా వార్డులో. ఈ వార్డు నేలలో దాదాపు 70 శాతం, సముద్రం పోటు మీద ఉన్నప్పటి నీటిమట్టం కంటే పల్లంలో ఉంది. పడమట అరకావా, తూర్పున ఎదోగావా నది, దక్షిణాన టోక్యో అఖాతం. గట్లే దిక్కు. 2019లో వార్డు ఆఫీసు వేసిన వరద మ్యాప్ అట్ట మీద, పెద్ద వరదొస్తే ఇక్కడ ఉండకూడదు అని ముక్కుసూటిగా రాసేశారు. మన పేట గురించి మన ఆఫీసువాళ్లే ఇలా రాస్తారా అని అప్పట్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది.

వరదతో పాటు భూకంపాల భయమూ ఉంది. అందుకే ప్రతి ఇంట్లో కనీసం మూడు రోజులకి, వీలైతే వారానికి సరిపడా తిండి, మనిషికి రోజుకి 3 లీటర్ల చొప్పున నీళ్లు ఉంచుకోమని ప్రభుత్వం చెప్తూ ఉంటుంది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'రోలింగ్ స్టాక్'. మాట కొత్తది కానీ పద్ధతి మన అమ్మమ్మలదే. రోజూ తినేవే కొంచెం ఎక్కువ కొనాలి. పాతవి ముందు తినాలి. తిన్నన్ని మళ్లీ కొని వెనకాల పెట్టాలి. మూలన పడేసి, గడువు దాటాక బాధపడే పని ఉండదు.

2024 ఆగస్టు 8న క్యూషూ దగ్గర సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ సాయంత్రమే, నాంకాయ్ ట్రఫ్ ప్రాంతంలో ఇంకా పెద్దది వచ్చే అవకాశం మామూలు కంటే పెరిగిందని జపాన్ వాతావరణ శాఖ ప్రకటించింది. అలాంటి ప్రకటన ఇవ్వడం అదే మొదటిసారి. టోక్యో ఆ ప్రాంతానికి దూరమే. అయినా మా సూపర్ మార్కెట్‌లో మంచినీళ్ల సీసాల అర ఖాళీ అయిపోయింది. అసలే బియ్యం కొరతగా ఉన్న వేసవి కాబట్టి బియ్యం అర కూడా బోసిపోయింది. 'ఒక్కరికి ఒక్క బస్తా' అని కాగితం అంటించారు కానీ ఆ ఒక్క బస్తా కూడా లేదు.

మా టీంలో ఒక సీనియర్ ఉన్నారు. సొంతూరు మియాగి ప్రాంతం, అంటే 2011 సునామీ ముంచేసిన తీరం. సోమవారం లంచ్‌లో నేను ఖాళీ అరల గురించి చెప్తుంటే ఆయన అడిగింది ఒక్కటే: "ఇంట్లో చేప డబ్బాలు ఉన్నాయా?"

డబ్బాల అర ముందు

జపాన్ సూపర్ మార్కెట్‌లో చేప డబ్బాల అర చూస్తే మనకి పచ్చళ్ల దుకాణం గుర్తొస్తుంది. ఒక్కో చేపకి నాలుగైదు రుచులు. ఎక్కువగా కనిపించేది 'సాబా', అంటే మన కానాగంతల కుటుంబమే. 'మిజుని' అని రాస్తే ఉప్పునీళ్లలో ఉడికించింది. 'మిసోని' అంటే సోయా గింజల ముద్ద మిసోతో. 'అజిత్సుకె' అంటే సోయా సాస్, పంచదారతో తియ్యగా. ఇవి కాక 'ఇవాషి', మన కవ్వల్లాంటి చేప. ఇంకా ట్యూనా. ట్యూనా డబ్బాల్లో పేరున్న ఒక బ్రాండ్ పేరే 'సీ చికెన్'. సముద్రపు కోడి అన్నమాట!

డబ్బాలో చేప అనగానే మనకి ఏదో మందులు కలిపి నిలవ చేశారన్న అనుమానం. అక్కడ జరిగేది సింపుల్. పచ్చి ముక్కలు, ఉప్పు డబ్బాలో వేస్తారు. గాలి చొరబడకుండా మూసేస్తారు. మూసిన డబ్బానే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి, 100 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తారు. లోపలి క్రిములు చస్తాయి, బయటివి రాలేవు. మామూలుగా మూడేళ్లు నిలవుంటుంది. ఆ వేడికి ముళ్లు కూడా మెత్తబడి నోట్లో పొడైపోతాయి. చేప ముళ్లకి భయపడేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి!

జపాన్‌లో ఈ విద్య 1871లో నాగసాకిలో మొదలైంది. మత్సుదా మసనోరి అనే ఆయన ఒక ఫ్రెంచ్ టీచర్ దగ్గర నేర్చుకుని, నూనెలో ఇవాషి చేపల డబ్బా చేశారు. 1877లో హొక్కైదోలో సాల్మన్ డబ్బాల ఫ్యాక్టరీ పెట్టారు. అది మొదలైన అక్టోబరు 10ని ఇప్పటికీ డబ్బాల దినంగా జరుపుకుంటారు.

నేను ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో డబ్బా చూపించా.

"ఎన్నాళ్ల కిందటి చేప రా అది?"

"మూడేళ్లుంటుందమ్మా."

"మూడేళ్లా! రేవులో పొద్దున పడిన చేప మధ్యాహ్నానికి వద్దనే ఇంట్లో పుట్టి..." అని మొదలుపెట్టింది. మధ్యలో తనే ఆగింది. "అయినా మా అమ్మ ఎండు మెత్తళ్లు అటక మీద దాచేదిలే. 96 తుఫానప్పుడు మాకు వారం రోజులు అవే కూర."

కోనసీమని అతలాకుతలం చేసిన 1996 నవంబరు తుఫాను సంగతి అది. నేను పుట్టకముందు. అమ్మ నోట మెత్తళ్ల మాట మాత్రం అప్పుడే విన్నా.

పచ్చి చేప ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మధ్యే విజయవాడ నుంచి ఒక కుర్రాడు మా కంపెనీలో చేరాడు. ఇక్కడికొచ్చే మనవాళ్లందరూ అడిగే ప్రశ్నే వాడూ అడిగాడు. "అన్నా, సుషీ అంటే పచ్చి చేపేగా? నేను తినలేను."

నిజానికి 'సుషీ' అన్న మాటకి మూలం పులుపు. పచ్చి చేప ముక్కని అన్నం లేకుండా తింటే దాన్ని సాషిమి అంటారు. సుషీ కాదు. వెనిగర్ కలిపిన అన్నం ఉంటేనే సుషీ. పైన గుడ్డు పెట్టినా, దోసకాయ పెట్టినా అది సుషీయే.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు విషయం తెలుస్తుంది. సుషీ పుట్టిందే చేపని నిలవ చేయడానికి. క్యోటో పక్కనున్న షిగాలో, బివా సరస్సు చుట్టూ ఇప్పటికీ 'ఫునాజుషి' చేస్తారు. సరస్సు చేపకి ఉప్పు పట్టించి, తర్వాత అన్నంతో కలిపి తొట్టిలో పేర్చి, పైన బరువు పెట్టి నెలల తరబడి వదిలేస్తారు. అన్నం పులుస్తుంది, ఆ పులుపు చేపని చెడిపోకుండా కాస్తుంది. మన ఊరగాయ జాడీలో ఉప్పు, నూనె చేసే పని అక్కడ అన్నం చేస్తుంది. పాతరోజుల్లో ఆ అన్నాన్ని తీసి పారేసి చేప మాత్రమే తినేవాళ్లు.

తర్వాత జనానికి ఓపిక తగ్గింది. నెలలు ఆగలేక, అన్నంలో నేరుగా వెనిగర్ కలిపేశారు. 1800ల మొదట్లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, అన్నాన్ని చేత్తో ఒత్తి పైన చేప ముక్క పెట్టి అమ్మడం మొదలైంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన వాళ్లలో హనయా యోహేయి ముఖ్యుడు. ఆయన దుకాణం ఉన్న చోటు రియోగోకులో ఉంది. సుమో స్టేడియం ఉండే పేట. అక్కడ గుర్తుగా చిన్న బోర్డు పెట్టారు. అప్పటికి ఫ్రిజ్‌లు లేవు కాబట్టి ఆ చేపలు కూడా చాలావరకు పచ్చివి కావు. కొన్ని ఉప్పు, వెనిగర్‌లో నానినవి, కొన్ని ఉడికినవి, కొన్ని సోయా సాస్‌లో ఊరినవి. నిగనిగలాడే పచ్చి ముక్క ప్రపంచమంతా సుషీకి గుర్తుగా మారింది ఐసు, ఫ్రిజ్, లారీలు వచ్చాకే.

కాబట్టి పుల్లటి అన్నం మీద నిలవ చేప పెడితే సుషీని చెడగొట్టినట్టు కాదు. దాని పుట్టింటికి తీసుకెళ్లినట్టు.

తాంగోలో పండగ సుషీ

ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. డబ్బా చేపతోనే పండగ సుషీ చేసే ఊళ్లు జపాన్‌లో ఉన్నాయి. పోయిన మే నెల సెలవుల్లో దాని కోసమే క్యోటో నుంచి ఉత్తరానికి ఎక్స్‌ప్రెస్ రైలెక్కా. రెండు గంటలు. కొండలు, వరి మళ్లు దాటి అమనోహషిదాతే దగ్గర దిగితే సముద్రం. నీళ్ల మధ్య 3 కిలోమీటర్లకి పైగా సాగిన ఇసుక దిబ్బ, దాని నిండా సరుగుల్ని గుర్తుచేసే పైన్ చెట్లు. కోస్తా పిల్లాడికి ఆ గాలి కొత్తేం కాదు.

ఈ ప్రాంతం పేరు తాంగో. ఇక్కడి 'బారాజుషి' పెళ్లిళ్లకి, పండగలకి, చుట్టాలొచ్చినప్పుడు చేసే వంట. వెడల్పాటి చెక్క పెట్టెలో పుల్లటి అన్నం పరుస్తారు. దాని మీద పొడిపొడిగా వేయించిన సాబా చేప. మళ్లీ అన్నం, మళ్లీ చేప. పైన సన్నగా తరిగిన గుడ్డట్టు, పుట్టగొడుగులు, ఎర్రల్లం, పచ్చబఠాణీ. చెక్క గరిటెతో బర్ఫీలా చతురస్రాలుగా కోసి పెడతారు. ఆ పొడి కోసం ఒకప్పుడు కాల్చిన చేప వాడేవాళ్లు. ఇప్పుడు డబ్బా సాబాని సోయా సాస్, పంచదార వేసి, నీరు ఇగిరేదాకా పొడిగా వేయిస్తారు. అక్కడి సూపర్ మార్కెట్లలో దీనికోసమే మామూలు కంటే చాలా పెద్ద డబ్బాలు అమ్ముతారు.

నేను తిన్నది స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో. మొదటి ముద్దకి పులుపు, వెనకే తీపి, ఆ తర్వాత వేయించిన చేప రుచి. మా ఇంట్లో సొరపుట్టు ఎలా పొడిపొడిగా ఉంటుందో అలాగే ఉంది. కారం మాత్రం లేదు. వడ్డించిన పెద్దావిడని, చేప డబ్బాదేనా అని నా వచ్చీరాని జపనీస్‌లో అడిగా. అవునండీ, డబ్బాదే, అని నవ్వుతూ చెప్పింది. అందులో దాచాల్సింది ఏముంది అన్నట్టు.

ఇక గిన్నె సంగతి

ఒకరికి కొలత ఇది.

అన్నం: జపాన్ పొట్టి బియ్యం ఒక కుక్కర్ కప్పు, అంటే 180 మిల్లీలీటర్లు. మీ ఊళ్లో సోనా మసూరియే ఉంటే మామూలు కంటే కొంచెం ఎక్కువ నీళ్లు పోసి మెత్తగా వండండి. బాస్మతి వద్దు, అది అంటుకోదు.

పులుపు: బియ్యపు వెనిగర్ ఒకటిన్నర పెద్ద చెంచాలు, పంచదార రెండు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా కంటే కాస్త తక్కువ. కరిగేదాకా కలపండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం వాడొచ్చు, రుచి మారుతుంది కానీ బాగుంటుంది.

కలపడం: పులిహోరకి అన్నం ముందు ఆరాలి. దీనికి వేడివేడి అన్నం మీదే వెనిగర్ పోయాలి, అప్పుడే పీల్చుకుంటుంది. గరిటెని పక్కకి తిప్పి, కోస్తున్నట్టు కలపాలి. పిసికితే ముద్దైపోతుంది. పక్కన అట్టముక్కతో విసురుతూ ఉంటే మెరుపొస్తుంది. గోరువెచ్చగా అయ్యాక తినాలి. ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడుతుంది.

చేప: సాబా మిజుని డబ్బా ఒకటి సగం చాలు. నీళ్లు వంచేసి, ముక్కల్ని చేత్తో పెద్దగా విడదీసి, ఒక చెంచా సోయా సాస్, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు కలపండి. ట్యూనా అయితే నూనె పిండేసి ఒక చెంచా మయోనైజ్, చిటికెడు వాసాబి. వాసాబి లేకపోతే మన ఆవపిండి.

పైన: పల్చగా కోసి ఉప్పు రాసి పిండిన కీర దోసకాయ, వేయించిన నువ్వులు, చేత్తో చింపిన నోరి, అంటే సముద్రపు నాచు రేకు. ఉంటే గుడ్డట్టు ముక్కలు. నేనైతే రెండు పచ్చిమిరపకాయ చక్రాలు కూడా వేస్తా. దీనికి జపాన్ అనుమతి అక్కర్లేదు.

వంచిన నీళ్లు పారబోయకండి. ఇక్కడివాళ్లు మిసో సూప్‌లో పోస్తారు. నేను చారులో పోస్తా. మిగిలిన చేపని డబ్బాలోనే వదలకుండా గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకట్రెండు రోజుల్లో తినేయండి. ఉబ్బిన డబ్బా కనిపిస్తే తెరవకుండా పారేయండి.

కరెంటు పోతే? దానికీ మార్గం ఉంది. ఇక్కడ 'ఆల్ఫా బియ్యం' అని, ఉడికించి ఎండబెట్టిన బియ్యం ప్యాకెట్లు దొరుకుతాయి. వేడినీళ్లు పోస్తే 15 నిమిషాల్లో, చన్నీళ్లు పోస్తే గంటలో అన్నం అవుతుంది. చల్లటి అన్నం ఒట్టిగా తినబుద్ధి కాదు. కానీ పులుపు, చేప పడితే చల్లగా ఉన్నా దిగుతుంది. మన పులిహోర రైల్లో తినడానికి బాగుండేది అందుకేగా.

బురద కడిగిన డబ్బాలు

మా సీనియర్ ఆ రోజు ఆ ప్రశ్న ఎందుకడిగారో తర్వాత తెలిసింది. ఆయన ఊరికి దగ్గర్లోనే ఇషినోమాకి అనే రేవు పట్నం ఉంది. అక్కడ కినోయా అనే కంపెనీ చేప డబ్బాలు చేస్తుంది. 2011 మార్చి 11న సునామీ ఆ ఫ్యాక్టరీని ఊడ్చేసింది. గోడౌన్‌లో ఉన్న లక్షల డబ్బాలు బురదలో కూరుకుపోయాయి. లేబుళ్లు పోయాయి. ఏది ఏ చేపో తెలియదు. కానీ చాలా డబ్బాల్లో లోపలిది చెక్కుచెదరలేదు. తిండి లేని ఆ మొదటి రోజుల్లో చుట్టుపక్కల జనం వాటిని తవ్వుకుని తిని బతికారు.

తర్వాత టోక్యోలో క్యోదో అనే పేట వాళ్లు ముందుకొచ్చారు. ఆ కంపెనీ డబ్బాలతో వంటలు చేసే హోటళ్లు అక్కడున్నాయి. బురద డబ్బాలు తెప్పించి, వాలంటీర్లు ఒక్కొక్కటీ చేత్తో కడిగి అమ్మారు. అలా 2 లక్షలకి పైగా డబ్బాలు అమ్ముడుపోయాయి. వాటిని 'ఆశ డబ్బాలు' అన్నారు. కంపెనీ మళ్లీ నిలబడింది. మా సీనియర్ బల్ల మీద ఇప్పటికీ లేబుల్ లేని డబ్బా ఒకటి ఉంటుంది. పెన్నులు పెట్టుకుంటారు.

విజయవాడ కుర్రాడికి ఈ కథ చెప్పింది మా ఇంట్లో, ఈ గిన్నె ముందు పెట్టాకే. వాడు కాసేపు మాట్లాడలేదు. వాళ్ల ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు వాళ్ల అమ్మానాన్నలు మేడ మీద చిక్కుకుపోయారు. కింద వంటగదిలో బియ్యం, పప్పు అన్నీ నీళ్ల పాలు. పడవ వచ్చేదాకా రెండు రోజులు బిస్కెట్లతో గడిపారట. అప్పుడు వీడు హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల ఫోన్ చార్జింగ్ అయిపోయాక ఆ ఫోన్ కూడా లేదు.

జపాన్‌లో సెప్టెంబరు 1 విపత్తుల సన్నద్ధత దినం. 1923లో టోక్యోని కూల్చేసిన భూకంపం రోజు. ఆ రోజు ఇళ్లలో సరుకు తీసి తేదీలు చూసుకుంటారు. ఆ మాట చెప్తే వాడు గిన్నె అడుగున మిగిలిన మెతుకులు ఏరుకుంటూ, "డబ్బాలు అక్కడ దొరుకుతాయా అన్నా?" అన్నాడు.

దొరుకుతాయి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో ట్యూనా డబ్బాలు ఉన్నాయి. చేప తినని ఇంట్లో అటుకులు, వేరుశనగ, బెల్లం ఉన్నాయి. ఏదైనా సరే, వరద నీళ్లు అందని ఎత్తులో, ఇంటిల్లిపాదికీ కనీసం మూడు రోజులకి సరిపడా ఉంచండి. నెలకోసారి పాతది తీసి తినేయండి, కొత్తది వెనకాల పెట్టండి. తినే రోజున వెనిగర్ కలిపిన అన్నం వండుకోండి. ఆ పూట అది విపత్తు తిండి కాదు, మంచి భోజనం.